నీకెంత వేశారు?

(డిసెంబర్ 3, అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం నాడు కోనసీమలో జరిగిన ఒక సభలో ఓ ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. కొద్దిగా కుదించాం, మాట మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల పులిహోర కలుపుతున్న వాసన నాకూ వస్తోంది. అందుకని ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి వెళ్ళిపోతాను.

సదరం క్యాంపు, అంటే ఎవరికి వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్టు ఇచ్చే క్యాంపు, జరిగే రోజున ఆసుపత్రి బయట చెట్టుకింద కాసేపు నిలబడండి. లోపల్నుంచి ఎవరొచ్చినా చుట్టూ చేరి అడిగేది ఒకటే మాట: "నీకెంత వేశారు?" పదో తరగతి మార్కులు అడిగినట్టే అడుగుతారు. "నాకు డెబ్బై వేశారు." "వీడికి ముప్ఫై ఐదే వేశాడమ్మా, దయలేనివాడు." ముందురోజు రాత్రి నాకు ఫోన్లు కూడా వస్తాయి. "మాస్టారూ, మా చెల్లికి ఎనభై వేయించాలండి, ఎవర్ని పట్టుకోమంటారు?"

ఈ వేయడం, వేయించడం అనే మాటలున్నాయే, సగం నష్టం వీటివల్లే. అది డాక్టరు జాలిపడి వేసేది కాదు. మీరు పడే బాధకి కొలత అంతకంటే కాదు. దానికి కేంద్ర ప్రభుత్వం గైడ్‌లైన్సు ఇచ్చింది. 2018లో వచ్చాయి, 2024లో సవరించారు. కీలు ఎంత మేర వంగుతోంది, కండకి బలం ఎంతుంది, చెవికి ఎన్ని డెసిబెల్స్ దగ్గర శబ్దం అందుతోంది, అద్దాలు పెట్టాక కన్ను ఏ వరస దాకా చదువుతోంది, ఇలాంటివి కొలుస్తారు. మీరు రేవు మెట్లు దిగగలరా, వర్షంలో బడికి వెళ్ళగలరా, పెళ్ళికి పిలిస్తే పంక్తిలో కూర్చోగలరా, ఇవేవీ ఆ కాగితంలో లేవు. ఉండాలి అంటాను నేను. కానీ లేవు.

ఒక ఉదాహరణ. కొబ్బరికాయలు వొలిచే కార్మికుడు ఒకాయన, కంట్లో దెబ్బ తగిలి ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కన్ను బాగానే ఉంది. "కన్నే పోయిందండీ, వందలో సగం కదా, యాభై రావాలి" అంటాడు. లెక్క చూస్తే న్యాయంగానే కనిపిస్తుంది. కానీ గైడ్‌లైన్సు ప్రకారం ఒక కన్ను పోయి రెండోది మామూలుగా ఉంటే 30 శాతం. పింఛనుకి కావలసింది 40. అక్కడితో ఆయన కథ అయిపోయిందని అందరూ అనుకున్నారు, ఆయనతో సహా. నేను ఆయన నడక చూశాను. ఎప్పుడో చెట్టు మీంచి జారి పడ్డప్పుడు మడమ విరిగి సరిగ్గా అతకలేదు, కొంచెం ఈడుస్తాడు. "ఆ కాలి సంగతి చెప్పావా?" అంటే, "ఇది కంటి క్యాంపు కదండీ" అన్నాడు.

రెండు రకాల లోపాలుంటే రెండింటినీ కలిపి లెక్క కడతారు. అలాగని కూడేయరు. దానికో సూత్రం ఉంది, నేను లెక్కల మాస్టార్ని కాను కానీ ఇది మాత్రం కంఠతా వచ్చు. రెండింటిలో పెద్ద శాతాన్ని అలాగే ఉంచుతారు. 90లోంచి ఆ పెద్దదాన్ని తీసేసి, వచ్చినదాన్ని చిన్న శాతంతో గుణించి, 90తో భాగించి, పెద్దదానికి కలుపుతారు. ఈయనకి కన్ను 30, కాలు 20 అనుకోండి. 90లో 30 పోతే 60. అరవై ఇరవైలు పన్నెండొందలు, దాన్ని 90తో భాగిస్తే పదమూడు చిల్లర. ముప్ఫైకి కలిపితే 43. విడివిడిగా దేనికీ పింఛను లేదు, కలిస్తే ఉంది. ఎముకల డాక్టరు కన్ను చూడడు, కంటి డాక్టరు కాలు చూడడు. రెండూ ఉన్నాయని చెప్పుకోవలసింది మనమే.

చెప్పుకోవడం అన్నాను. అసలు మనవాళ్ళు దెబ్బతినేది అక్కడే. వేరేవాళ్ళ సంగతి ఎందుకు, నా సంగతే చెబుతాను.

నాకు ఏడాదిన్నర వయసులో పోలియో వచ్చింది, ఎడమ కాలు. పోలియో కాలువాళ్ళు ఎలా నడుస్తారో మీకు తెలుసు. తొడకండకి బలం ఉండదు కాబట్టి అడుగు పడినప్పుడల్లా చేత్తో మోకాలిని నొక్కి పట్టుకోవాలి. లేకపోతే మోకాలు మడతపడి కూలబడిపోతాం. నేను ఇంటర్ చదివేటప్పుడు కాలేజీలో ఎవరో అన్న మాటకి రోషం వచ్చి, చెయ్యి వేయకుండా నడవడం ప్రాక్టీసు చేశాను. మా ఊరి కాలవగట్టు మీద, తెల్లవారుజామున, ఎవరూ లేనప్పుడు. నడుం పక్కకి విసిరి, మోకాలిని వెనక్కి బిగబట్టి, పాతిక ముప్ఫై అడుగులు వేయగలిగేవాణ్ణి. ఆ తర్వాత ఎవరు చూస్తున్నా అలాగే నడిచేవాణ్ణి. ఇంటికొచ్చి కాలు పట్టుకుని కూర్చునేవాణ్ణి.

1998 డీఎస్సీ పడింది. వికలాంగుల కోటాకి సర్టిఫికెట్ కావాలి. ఆసుపత్రికి వెళ్ళాను. కొత్త ప్యాంటు, టక్ చేసిన చొక్కా. డాక్టరు గారు తలుపు దగ్గర్నుంచి బల్లదాకా నడిచి రమ్మన్నారు. పది అడుగులు. నేను ఎలా నడిచానో మీరే ఊహించుకోండి. చెయ్యి మోకాలి మీద పడలేదు. ఆయన నా వంక చూసి "బాగానే నడుస్తున్నావోయ్" అన్నారు. నేను పొంగిపోయాను! 38 శాతం రాశారు. రెండు శాతం తక్కువై ఆ డీఎస్సీ పోయింది. డాక్టరుదేం తప్పు లేదు. నేను చూపించిందే ఆయన రాశారు. మళ్ళీ వెళ్ళి, లుంగీ కట్టుకుని, నేను రోజూ నడిచే నడకే నడిచి చూపించడానికి నాకు ఏడాది పట్టింది. 2000 డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది.

అబద్ధం ఆడమని నేను చెప్పట్లేదు. ఇంతకంటే గట్టిగా ఎలా చెప్పాలో తెలియదు. మీ కాలు ఇంట్లో ఎలా ఉంటుందో ఆ బల్ల ముందు కూడా అలాగే ఉండనివ్వండి, అంతే. వచ్చేవాళ్ళు మంచిబట్టలు కట్టుకోండి, కాదనను, కానీ కాలికి కట్టుకునే క్యాలిపర్, చేతికర్ర, చెవి మిషను, అన్నీ తెచ్చుకోండి.

ఇంకొకటి. ఇది చెప్పేటప్పుడు నాకు గొంతు సరిగ్గా రాదు, ఏమనుకోకండి. లంకల్లోంచి ఒకావిడ తొమ్మిదేళ్ళ కొడుకుని తీసుకుని వచ్చింది. పడవ దాటి, ఆటో ఎక్కి, బస్సు మారి. పిల్లాడికి బుద్ధిమాంద్యం. సైకాలజిస్టు మేడమ్ ప్రశ్నలు అడుగుతోంది. ఆ ప్రశ్నల సంగతి మీకు తెలియాలి. బుద్ధిమాంద్యంలో పిల్లాడికి ఇచ్చే పరీక్ష ఒక ఎత్తు, తల్లిని అడిగే ప్రశ్నలు ఇంకో ఎత్తు. వాడు తనంతట తాను ఏమేం చేసుకోగలడు అని తల్లి చెప్పే జవాబుల్నిబట్టి ఒక స్కోరు వేస్తారు. ఆ స్కోరు 55కీ 69కీ మధ్య ఉంటే 50 శాతం, 36కీ 54కీ మధ్య ఉంటే 75 శాతం. అంటే తల్లి నోట్లోంచి వచ్చే ఒక్కొక్క ఔను, ఒక్కొక్క కాదు, అక్కడ లెక్కకొస్తాయి.

"సొంతంగా అన్నం తింటాడామ్మా?" "తింటాడండి." "బాత్‌రూమ్‌కి వెళ్ళొస్తాడా?" "వెళ్ళొస్తాడండి, ఆయ్." "చొక్కా గుండీలు పెట్టుకుంటాడా?" "పెట్టుకుంటాడండి, మా వాడు అన్నీ చేసుకుంటాడండి." నేను పక్కన కుర్చీలో ఉన్నాను, ఇంకో పిల్లాడికి తోడుగా. పొద్దున్న రేవులో ఆవిడ ఒళ్ళో కూర్చోబెట్టుకుని వాడి గుండీలు పెట్టడం నా కళ్ళతో చూశాను. కానీ ఏం మాట్లాడతాం? ఆ మేడమ్ చిన్నపిల్లే, తెలివైనది. పెన్ను పక్కన పెట్టి, "నాన్నా, పై గుండీ ఒకటి తియ్యి చూద్దాం" అంది. వాడు గుండీ వైపు చూడలేదు. వాళ్ళమ్మ చేతుల వైపు చూశాడు.

ఆవిడ అప్పుడు ఏడ్చింది. ఎందుకలా చెప్పావమ్మా అని బయటికొచ్చాక అడిగితే ఏమందో తెలుసా? "అంతమందిలో నా కొడుక్కి ఏమీ రాదని నా నోటితో ఎలా చెప్పనండీ?" అంది.

ఆడపిల్లలైతే ఇది ఇంకా ఎక్కువ. రేపు సంబంధాలు చూడాలి కదా అని సర్టిఫికెట్టే వద్దంటారు. పెళ్ళయ్యాక అత్తవారికి తెలియదా? తెలుస్తుంది. ఈలోపు స్కాలర్‌షిప్పు, డిగ్రీలో సీటు, ఉద్యోగంలో కోటా, అన్నీ పోతాయి. చట్టం ప్రకారం చదువులో మనకి 5 శాతం, ఉద్యోగాల్లో 4 శాతం ఉన్నాయి. కాగితం లేనివాళ్ళకి అవేవీ లేవు.

మంచం మీద ఉన్నవాళ్ళ సంగతి వేరే. చెట్టు మీంచి పడి వెన్నుపూస విరిగిన కొబ్బరి దింపు కార్మికులు మన మండలాల్లో ఎందరున్నారో నాకంటే మీకే బాగా తెలుసు. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైపోయినవాళ్ళకి నెలకి 15,000. వాళ్ళని చూడటానికి డాక్టర్ల బృందం ఇంటికే వస్తుంది. వస్తారని తెలియగానే మనవాళ్ళేం చేస్తారు? పొద్దున్నే స్నానం చేయించి, పౌడరు రాసి, ఇద్దరు పట్టుకుని అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెడతారు. వచ్చేవాళ్ళు పెద్దవాళ్ళు కదా, మర్యాద! ఆ కుర్చీలో ఆయన పది నిమిషాలకంటే కూర్చోలేడని, వెనక దిండు తీస్తే ఒరిగిపోతాడని ఎవరూ చెప్పరు. కాఫీలు మాత్రం ఇస్తారు. పెద్దాయన్ని మంచం మీదే ఉండనివ్వండి. పుండ్లుంటే దుప్పటి తీసి చూపించండి. యూరిన్ సంచీ దాచకండి. పాత డిశ్చార్జి కాగితాలు, ఎమ్మారై ఫిల్ములు తలగడ పక్కనే పెట్టుకోండి.

డబ్బు లెక్క కూడా ఒకసారి చెప్పేస్తాను. 40 శాతం, ఆపైన ఉంటే నెలకి 6,000. 2024 జూలై దాకా ఇది 3,000. రెండు కాళ్ళకీ బోదకాలు నాలుగో గ్రేడ్‌కి వచ్చినవాళ్ళకి 10,000, డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకీ అంతే. బోదకాలు అనగానే చాలామంది అది ఏదో ఇంటిజబ్బులా దాచుకుంటారు. గోదావరి నీళ్ళు తాగినవాళ్ళ ఇళ్ళల్లో ఆ జబ్బు లేని వీధుందా ఒకప్పుడు?

ఇప్పుడు కాగితాల సంగతి. మన జిల్లాల్లో మనకున్న ప్రత్యేక సమస్య ఒకటుంది. అన్నవరం స్వామి దగ్గరగా ఉండటం. (నవ్వులు) నవ్వకండి, నిజం. ప్రతి ఇంట్లో ఒక సత్యనారాయణ. ఆధార్లో వీర వెంకట సత్యనారాయణ. రైస్ కార్డులో సత్యనారాయణ మూర్తి. బ్యాంకులో వి.వి.ఎస్.ఎన్. సదరంలో సత్తిబాబు, ఎందుకంటే ఆ రోజు పేరేంటని అడిగితే ఇంట్లో పిలిచే పేరు చెప్పాడు. మనిషి ఒకడే, కంప్యూటరుకి నలుగురు. సదరం క్యాంపుకి స్లాటు బుక్ చేసుకోకముందే ఆధార్ సరిచేయించుకోండి, పేరు, పుట్టినతేదీ, ఫోన్ నంబరు. ఆ తర్వాత అన్నిటిలోనూ ఆధార్లో ఉన్నట్టే, ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా రాయించండి. స్లాటు సచివాలయంలో గానీ మీసేవలో గానీ పెడతారు. స్లాట్లు తెరిచిన రోజే అయిపోతుంటాయి, కాబట్టి వెల్ఫేర్ అసిస్టెంటుతో మంచిగా ఉండండి, ఎప్పుడు తెరుస్తారో చెప్పమనండి.

పిల్లల సర్టిఫికెట్ల మీద తేదీ చూసుకోండి. ఎదిగే పిల్లలకి చాలావరకు టెంపరరీ సర్టిఫికెట్టే ఇస్తారు. గడువు ఏదో ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ తేదీ దాటాక పింఛను ఆగితే సచివాలయం మీద పడి అరిచి లాభం లేదు. మూడు నెలల ముందే కదలండి.

యూడీఐడీ కార్డు గురించి అడుగుతున్నారు. అది దేశమంతా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు. సదరం మన రాష్ట్రానిది. యూడీఐడీలో శాతాన్నిబట్టి రంగులుంటాయి. 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం. కార్డు పోస్టులో రాకపోయినా వెబ్‌సైటులోంచి ప్రింటు తీసుకోవచ్చు. ఆగస్టులో వరద వస్తే ట్రంకుపెట్టె అటక ఎక్కించే ఊళ్ళవాళ్ళకి ఇది గొప్ప సుఖం. అయినా అన్ని కాగితాలూ ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి.

సర్టిఫికెట్టు వచ్చిందంటే పింఛను వచ్చినట్టు కాదు. ఇది చాలామందికి షాకు. పింఛనుకి ఇంటి పరిస్థితి కూడా చూస్తారు. రైస్ కార్డులో ఉన్న కుటుంబం మొత్తాన్ని ఒక యూనిట్‌గా తీసుకుంటారు. కారుందా, మూడెకరాల మాగాణి దాటిందా, గవర్నమెంటు ఉద్యోగి ఉన్నారా, ఇన్‌కంటాక్సు కడుతున్నారా, కరెంటు నెలకి సగటున 300 యూనిట్లు దాటిందా. మన దగ్గర ఎక్కువగా తగులుకునేది ఈ కరెంటే. కౌలుకి రొయ్యల చెరువు చేసేవాడి ఆధార్ ఆ చెరువు మీటరుకి లింకై ఉంటుంది. ఏరియేటర్లు తిరిగిన యూనిట్లన్నీ మంచంలో ఉన్న వాళ్ళమ్మ పింఛను మీద పడతాయి. కరెంటాఫీసుకి వెళ్ళి మీ ఆధార్ మీద ఏయే సర్వీసు నంబర్లున్నాయో రాయించుకోండి. మీది కానిది తీయించండి. రెండోది, పెళ్ళయిన అన్నదమ్ముల కార్డులోనే ఉండిపోయిన అక్కచెల్లెళ్ళు. అన్న టాక్సీ కాని కారు కొంటే చెల్లి పింఛను పోతుంది. అన్నని తిట్టకండి. కార్డు విడదీసే దారి సచివాలయంలో అడగండి.

ఇక అందరూ టెన్షన్ పడుతున్న విషయానికి వస్తాను. 2025 జనవరి నుంచి మళ్ళీ తనిఖీలు మొదలయ్యాయి. ఆగస్టులో చాలామందికి నోటీసులొచ్చాయి. తెగిన కాలు మళ్ళీ మొలుస్తుందా, మళ్ళీ చూపించడమేంటి అని మీకు కోపం. నాకూ కోపమే. కానీ ఆ కోపం సగం ఎవరి మీద ఉండాలో చెప్పనా? బ్రహ్మాండంగా ఫోన్లు మాట్లాడుతూ చెవుడు సర్టిఫికెట్టు పెట్టి పింఛను తీసుకున్నవాళ్ళ మీద. డబ్బు తీసుకుని శాతం 'వేయిస్తామని' తిరిగిన బ్రోకర్ల మీద. వాళ్ళు ఎవరో మన ఊళ్ళల్లో మనకి తెలియదా? తెలిసీ ఊరుకున్నాం, మన కులం వాడనో, మన వీధి వాడనో.

నోటీసు వచ్చినవాళ్ళు దాన్ని చింపేయకండి, ఏడుస్తూ కూర్చోకండి. అందులో రాసిన శాతం ఎంత, కారణం ఏంటి, గడువు ఏంటి, ఈ మూడూ చదివించుకోండి. పల్లెలో అయితే ఎంపీడీవో ఆఫీసులో, పట్నంలో అయితే మునిసిపల్ కమిషనర్ దగ్గర అప్పీలు పెట్టాలి. పాత సర్టిఫికెట్టు, కొత్తగా తీయించిన రిపోర్టులు జతచేయాలి. తీసుకున్నట్టు రసీదు అడగండి. ఇవ్వడానికి కొంచెం విసుక్కుంటారు, అయినా అడగండి. డాక్టరు వేసిన శాతం మీద అప్పీలు చేసుకునే హక్కు 2016 చట్టంలో 59వ సెక్షన్‌లోనే ఉంది. ఎవరి దయా కాదు. అక్కడా కదలకపోతే సోమవారం కలెక్టరేటులో గ్రీవెన్సు ఉంది. ఇంటి దగ్గర్నుంచి కదలలేనివాళ్ళు 1100కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి, ఆ ఫిర్యాదు నంబరు గోడమీద రాసుకోండి. మా పక్కవీధి పెద్దావిడ క్యాలెండర్ మీద రాసుకుంది, సంవత్సరం మారగానే కోడలు క్యాలెండర్ పారేసింది. అందుకే గోడ అంటున్నాను.

బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ పిల్లల తల్లిదండ్రులు ఇంకో రెండు నిమిషాలు ఓపిక పట్టండి. ఇది ఎవరూ చెప్పరు. మీ పిల్లలకి 18 దాటిన మర్నాటి నుంచి చట్టం ప్రకారం మీరు గార్డియన్లు కారు. బ్యాంకులో సంతకం దగ్గర ఇది బయటపడుతుంది. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లా కలెక్టర్ అధ్యక్షుడుగా ఒక కమిటీ ఉంటుంది, అది మిమ్మల్ని లీగల్ గార్డియన్‌గా నియమిస్తుంది. కోర్టు, లాయరు అక్కర్లేదు. ఆ ట్రస్టుదే నిరామయ అని ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీలు కూడా అందులో వస్తాయి. గుండీల పిల్లాడికి ఆ బీమా చేయించాం. వాడికి 75 శాతం వచ్చింది. ఇప్పుడు వారానికి రెండుసార్లు థెరపీకి వస్తున్నాడు, పడవ మీద. పై గుండీ ఒకటి తీస్తున్నాడట. పెట్టుకోవడం ఇంకా రాలేదు.

పులిహోర అయిపోయినట్టుంది, ఇటే చూస్తున్నారు. సరే, ప్రశ్నలు అడగండి. ఆ చివర్న, స్తంభం పక్కన చెయ్యెత్తినాయన... బాబూ, మైకు ఆయన దగ్గరికి తీసుకెళ్ళండి. ఆయన్ని ఇక్కడికి రమ్మనకండి.